లక్క ముద్ర వెనక బెజవాడ

ఊరికి రేడియో వచ్చినప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలన్న దాని మీద మూడు రోజులు వాదులాట జరిగింది. చావిడి కప్పు కారుతుంది. బడికి తలుపు లేదు. చివరికి ఊళ్ళో గట్టి గోడ మా దుకాణానిదేనని తేల్చారు. కర్నూలు నుంచి వచ్చిన మనుషులు పెట్టెను మా అరుగు గోడకు బిగించి, తాళంచెవి నా చేతిలో పెట్టి సంతకం చేయించుకున్నారు. ఉప్పూ పప్పూ అమ్ముకునే ఉమామహేశ్వర్లు సెట్టి ఆ రోజు నుంచి సర్కారు వారి రేడియోకు కాపలాదారు అయ్యాడు. దాచుకుని లాభం లేదు, నాకు కాస్త తలకెక్కింది కూడా. సాయంత్రం ఆరు కొట్టగానే కండువా దులిపి భుజాన వేసుకుని నేను తాళం తీస్తుంటే, మా ఆవిడ అనంతలక్ష్మి లోపల్నుంచి, "గుడి తలుపులు తీసే పూజారి కూడా ఇన్ని వగలు పోడు, త్వరగా తియ్యండి" అనేది.

ఆ పెట్టె సంగతి ముందే చెప్పాలి, కొంప ముంచింది అదే కాబట్టి. బయట చెక్క తలుపు, దానికి తాళం. లోపల ఒకే ఒక మీట. ఇటు తిప్పితే పలుకుతుంది, అటు తిప్పితే నోరు మూస్తుంది. పక్కన చిన్న రేకు మూత, దాని మీద ఎర్రటి లక్క ముద్ర. ముద్ర ముట్టుకోకూడదని ఒక కాగితం కూడా అంటించి పోయారు. రోజూ సాయంత్రం మద్రాసు నుంచి కాసేపు అరవం, కాసేపు తెలుగు వచ్చేవి. ఢిల్లీలో కూర్చుని ఎవరో చదివే తెలుగు వార్తలు కూడా ఆ పెట్టెలోంచే వినపడేవి.

అర్ధవీడు పక్కన, నల్లమల కింద ఒక మూల పల్లెలో కూర్చుని ఢిల్లీ మాట వింటున్నామంటే ఇక ఈ పెట్టెకు రాని ఊరేముంటుంది? ఇదీ పోస్టు డబ్బా లాంటిదే అనుకున్నాను. గిద్దలూరులో వేసినా మార్కాపురంలో వేసినా ఉత్తరం చేరాల్సిన చోటికి చేరుతుంది కదా. ఈ ముక్క నేను అరుగు మీద కూర్చున్న వాళ్ళందరికీ చాలాసార్లు, వేలు ఊపుతూ మరీ చెప్పాను.

నలభై ఎనిమిది డిసెంబరులో బెజవాడలో కొత్త రేడియో స్టేషను పెట్టారు. నెల తర్వాత, ఆ స్టేషనులో పల్లెటూరి కార్యక్రమాలు చూసే ఒకాయన కంభం చెరువు చూసి మా వైపుగా బండిలో పోతూ, ఎద్దులకు నీళ్ళు పెట్టించడానికి మా దుకాణం ముందు ఆగాడు. సన్నటి మనిషి, కళ్ళజోడు. రేడియో మనిషి అని తెలియగానే నేను మజ్జిగ చెంబు రెండు చేతులతో అందించాను.

"ఇన్నాళ్ళూ మద్రాసులో ఒకే ఇంట్లో రెండు కాపురాలండీ" అన్నాడాయన మజ్జిగ తాగుతూ. "అరవానికి ఇంతసేపు, తెలుగుకు ఇంతసేపు అని పంచుకునేవాళ్ళం. ఇప్పుడు ఏ భాషకు ఆ భాష వేరు కుంపటి పెట్టుకుంటోంది. అన్నిటికీ పెద్ద ఢిల్లీయే. వార్తలు వాళ్ళవి. మిగతాదంతా ఏ స్టేషను వాళ్ళు ఆ నేల మీది గొంతులతో నింపుకోవాలి. అందుకే ఇలా ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నాను."

ఆయన మాట పూర్తి కాకముందే కొండ వైపు నుంచి మస్తానమ్మ గొర్రెలను పిలిచింది.

మా వైపు గొర్రెలు కాచుకునే ఇళ్ళలో ఇంటికొక పిలుపు ఉంటుంది. రెండు మందలు ఒకే వాగులో కలిసిపోయినా, ఎవరి ఇంటి పిలుపు వినపడితే ఆ ఇంటి గొర్రెలు విడిపోయి వస్తాయి. కొత్తకోడలు వస్తే అత్త మొదట నేర్పేది వంట కాదు, పిలుపు. పుట్టింటి పిలుపు గడప అవతలే వదిలేసి రావాలి. మస్తానమ్మ మా గురుస్వామి మామ కోడలు. ఆమెకు పిలుపు నేర్పిన అత్త కొండమ్మ పోయి నాలుగేళ్ళయింది. కిందనుంచి మెల్లగా ఎత్తుకుని, పైకి పోయి, కొసన రెండు సార్లు విరిగి దిగే ఆ పిలుపును ఊళ్ళో ఎంతోమంది అనుకరించబోయి దగ్గు తెచ్చుకున్నారు. ఈ కొండ మీంచి ఆ కొండకు చేరడానికి పుట్టిన పిలుపు అది.

బెజవాడ ఆయన చెంబు కింద పెట్టేశాడు. దొడ్డి దగ్గరికి పోయి, పిల్లల్ని తల్లుల దగ్గరికి వదులుతూ ఆమె పాడే పాట మొత్తం నిలబడి విన్నాడు. తిరిగొచ్చి, "ఈవిడ మా స్టేషనులో పాడాలి" అన్నాడు.

అంతే, ఊళ్ళో నిప్పు రాజుకుంది. పదేళ్ళ కిందట అడివి అంచు పల్లె నుంచి ఒక పిల్లను పాట పాడిస్తామని నాటకాల వాళ్ళు తీసుకుపోయారు. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. ఆ ఇంటివాళ్ళతో ఇప్పటికీ ఎవరూ నిప్పు కూడా ఇచ్చిపుచ్చుకోరు. కులపెద్ద యల్లయ్య ఆ మాట ఎత్తుకుని మా అరుగు మీదే పంచాయితీ పెట్టాడు.

"ఆడమనిషి ఊరు దాటి పోయి, ఎవడో మగోని ముందర పాడేదేంది?" అన్నాడు యల్లయ్య.

గురుస్వామి మామ తల వంచుకుని కూర్చున్నాడు. ఆయనకు కోడలంటే ప్రాణం, యల్లయ్య అంటే భయం. మస్తానమ్మ మొగుడు అంకన్న స్తంభానికి ఆనుకుని నా వైపే చూస్తున్నాడు. మస్తానమ్మ కొంచెం దూరంగా, గోడ పక్కన కూర్చుని ఉంది. పోవాలని ఉందని ఆమె నోరు తెరిచి అనలేదు. కానీ బెజవాడ ఆయన స్టేషను చిరునామా రాసిచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగు ముడిలో దాచుకోవడం నేను చూశాను.

అప్పుడు పలికాను నేను. పలకకుండా ఉంటే నేనెందుకవుతాను? "యల్లయ్య మామా, ఎవరి ముందరో పాడేది కాదు. మనందరి ముందర పాడినట్టే. ఆమె బెజవాడలో నోరు తెరిస్తే ఈ పెట్టెలో మనకు వినపడతది. ఏం పాడినా నీ చెవితో నువ్వే వింటావు. నాది పూచీ."

యల్లయ్య పెట్టె వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సరే సెట్టీ. అందరం వింటే ఆమె పాడి వచ్చినట్టు. వినకపోతే ఆమె యాడికి పోయినాదో, ఏం చేసినాదో మనకేం తెలుసు? మళ్ళా గడప తొక్కనిచ్చేది లేదు, గొర్ల మీద చెయ్యి వెయ్యనిచ్చేది లేదు. గురుస్వామీ, ఒప్పుకుంటివా?"

గురుస్వామి మామ తల ఎత్తకుండానే, "మా అల్లుడు పూచీ పడినాడు గదా" అన్నాడు. మా మధ్య రక్తసంబంధం ఏమీ లేదు, వరసకు మామ. ఆ 'అల్లుడు' మాటకు ఆ రోజు నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మార్చి పదో తేదీ సాయంత్రం ఆరున్నరకు పాట అని బెజవాడ నుంచి కాగితం వచ్చింది. దాని వెనకే, ఫిబ్రవరి నెలాఖరులో, రేడియోకు బాటరీ మార్చడానికి కర్నూలు నుంచి మెకానిక్ సంజీవరావు వచ్చాడు. నెలకోసారి వస్తాడు, మా ఇంట్లోనే భోజనం. ఆ రోజు వంకాయ కూర వడ్డిస్తూ అనంతలక్ష్మి మస్తానమ్మ సంగతి చెప్పింది. సంజీవరావు ముద్ద నోటి దాకా తీసుకుపోయి ఆగిపోయాడు.

"ఈ పెట్టెలోనా? ఈ పెట్టెలో బెజవాడ ఎందుకు వస్తుందండీ?"

"ఢిల్లీ రావడంలే?" అన్నాను నేను, నవ్వుతూనే.

"ఢిల్లీ వార్తల్ని మద్రాసు అందుకుని మళ్ళీ వదుల్తుంది. మీరు వినేది మద్రాసే. బెజవాడ వాళ్ళ పాటను మద్రాసు వాళ్ళు వదలరు, ఆ వేళకు వాళ్ళ పాట వాళ్ళకుంటుంది. ఏ స్టేషను గాలి దానిది." పెట్టె వైపు చెయ్యి చూపించాడు. "ఆ లక్క ముద్ర వెనక ఒక మర ఉంది. దాన్ని మద్రాసుకు బిగించి ముద్ర వేసినాము. ఊళ్ళో ఎవరూ తిప్పకుండా."

ముద్ద కంచంలో వదిలేశాను. "అయితే బెజవాడకు తిప్పు నాయనా."

"నా చేతుల్లో లేదండీ. ఏ జిల్లా ఊళ్ళకు ఏ స్టేషను అని జాబితా ఉంటుంది. బెజవాడది చిన్న గొంతు, కృష్ణా, గుంటూరు దాటితే సన్నగిల్లిపోతుంది. మీది కర్నూలు జిల్లా. మీకు మద్రాసే. జాబితా మారకుండా ముద్ర తీస్తే నా ఉద్యోగం పోతుంది, మీ తాళంచెవి పోతుంది." బాధగానే అన్నాడు. "రాసి చూడండి."

రాశాను. నా దస్తూరీ బాగుంటుంది, రెండు ఉత్తరాలు ముత్యాల్లా రాశాను. ఒకటి బెజవాడ స్టేషనుకు, ఒకటి పెట్టెలు చూసే ఆఫీసుకు. వారానికి రెండు జవాబులూ ఒకే టపాలో వచ్చాయి. ఇద్దరూ ఎంత మర్యాదగా రాశారంటే, తిట్టుకోవడానికి కూడా నాకు సందు దొరకలేదు. పాటలు మావి, పల్లెల్లోని పెట్టెలు మావి కావు, అవి మద్రాసు రాష్ట్ర సర్కారువి అని స్టేషను వారు. పెట్టెలు మావే, కానీ ఏ ఊరు ఏ స్టేషను వినాలన్నది జాబితా వచ్చాక చూస్తాము అని ఆఫీసు వారు. ఢిల్లీ చేతిలో గొంతు ఉంది, మద్రాసు చేతిలో చెవి ఉంది. మధ్యన నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

ఊళ్ళో చెప్పాలి. చెబితే పాట ఆగిపోతుంది, నా పరువు పోతుంది. ఈ రెండిట్లో నన్ను ఎక్కువ భయపెట్టింది ఏదో ఇప్పుడు నిజం చెబుతాను. పరువే. దుకాణంలో కూర్చుని ఎవరు వచ్చినా తలెత్తి చూడలేకపోయేవాణ్ణి. ఒకరోజు చింతపండు అడిగితే బెల్లం కట్టించాను.

"లక్కే గదా" అంది అనంతలక్ష్మి ఆ రాత్రి అన్నం పెడుతూ. "ఇనుము కాదు గదా ఆ ముద్ర."

"సర్కారుదే అది" అన్నాను కోపంగా.

"మస్తాను ఎవరిది మరి?"

 చెంబెడు నీళ్ళు తాగి లేచాను.

తొమ్మిదో తేదీ పొద్దున కంభం స్టేషనుకు నేనే బండి కట్టించాను. మస్తానమ్మకు తోడు ఆమె పిన్నమ్మ రోశమ్మ పోతోంది. అంకన్న కూడా సాగనంపడానికి వచ్చాడు. దారి పొడుగునా చెప్పేద్దామని నోరు తెరిచాను, మూశాను. మస్తానమ్మ ఉన్న రెండు చీరల్లో మంచిది కట్టుకుంది. దానికి ఇంకా గంజి వాసన వస్తోంది. ఒళ్ళో మూట, మూటలో సద్ది, కొంగు ముడిలో ఆ కాగితం.

"నిన్న మునిమాపున ఆయన్ని పిలిచి చూడమన్నా అన్నా" అంది నాతో నవ్వుతూ. "ఒక్క గొర్రె కదలలే. ఆయన గొంతు వింటే తోడేలనుకుంటాయి."

అంకన్న సిగ్గుపడ్డాడు. "ఈ పొద్దు, రేపు ఎట్ల తోలేది మరి దొడ్లోకి?"

"రేపు పొద్దుగూకే యాళకు నేనే పిలుస్తాలే, నువ్వు గొంతు చించుకోవాకు" అని వేళాకోళం చేసింది. రైలు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి తల బయట పెట్టింది. "అన్నా, నువ్వు పూచీ పడినావనే పోతాండా. లేకుంటే మా మామ ఒప్పుకునేటోడే కాదు."

రైలు కదిలింది. నేను చెయ్యి ఊపాను. ఇప్పటికీ ఆ ఊపిన చేతిని తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

మర్నాడు సాయంత్రానికి మా దుకాణం ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. అర్ధవీడు నుంచి కూడా వచ్చారు. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. యల్లయ్యకు ముందు వరసలో మంచం వేశారు. గురుస్వామి మామ తలపాగా కొత్తది చుట్టుకుని అరుగు మెట్టు మీద కూర్చున్నాడు. ముందు రోజు సాయంత్రం గొర్రెలు దొడ్డిలోకి పోమని మొండికేస్తే ఆరుగురు కలిసి ఒక్కోదాన్నీ ఈడ్చారట. ఈ రోజు అంకన్న ఆ పని పెట్టుకోలేదు. పాట పోతుందేమోనని మందను తోలుకొచ్చి ఎదురుగా బయల్లోనే నిలబెట్టుకున్నాడు. అవి తల వంచుకుని నేలను వాసన చూస్తున్నాయి.

తాళం తీశాను. మీట తిప్పాను. పెట్టె పలికింది. అరవం.

ఆరున్నర దాటింది. అరవమే. ఎవరో ఒకాయన చాలా నిదానంగా, ఎంతో ముఖ్యమైన సంగతి చెబుతున్నాడు. జనం కదలకుండా విన్నారు, దాని తర్వాత మస్తానమ్మ వస్తుందని. ఆ నమ్మకమే నన్ను చంపింది.

గురుస్వామి మామ మెల్లగా వెనక్కి తిరిగి, "ఎప్పుడొస్తది అల్లుడా?" అన్నాడు.

ఇక తట్టుకోలేకపోయాను. "రాదు మామా" అన్నాను. అందరికీ వినపడేట్టు చెప్పాను. పెట్టె మద్రాసుకు కట్టేసి ఉందని, నాకు పది రోజుల ముందే తెలుసునని, నోరు రాక చెప్పలేదని.  అంకన్న చేతిలో కర్ర కింద పడింది.

యల్లయ్య లేచి పంచె దులుపుకున్నాడు. ఆయన ముఖంలో గెలిచిన సంతోషం ఏమీ లేదు, అది కూడా చెప్పాలి. "అయితే పిల్ల యాడుందో, ఏం పాడతాందో మనకు తెలీదు. మాట మాటే గదా గురుస్వామీ."

గురుస్వామి మామ నన్ను తిట్టలేదు. కొత్త తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

వెనకనుంచి నా భుజం మీద ఏదో చల్లగా తగిలింది. అనంతలక్ష్మి కొబ్బరి కోసే చాకు పట్టుకుని నిలబడి ఉంది. మా పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆమె మగవాళ్ళ మధ్యకు రావడం అదే మొదలు. "పట్టుకోండి" అంది, అంతే.

చాకు అందుకుని లక్క మీద ఒక్క పోటు పొడిచాను. సర్కారు ముద్ర నాలుగు పెచ్చులై అరుగు మీద రాలింది. రేకు మూత తీస్తే లోపల ఇత్తడి మర. చాకు మొన దాని గాడిలో పెట్టి తిప్పాను.  అరవం ఆయన మాట మధ్యలో మునిగిపోయాడు. తర్వాత ఒట్టి హోరు. ఇంకా తిప్పాను, ఏదో తెలియని భాష. వెనక్కి తిప్పాను, హోరు. "మెల్లగా, మెల్లగా" అంది అనంతలక్ష్మి, పాలు పొంగకుండా చూసుకోమన్నట్టు.

అప్పుడు దొరికింది. చాలా దూరంగా, సన్నగా, ఆడగొంతు. తెలుగే. కానీ పోపులో ఆవాలు వేసినట్టు చిటపటలు. నాలుగు మాటల్లో ఒక మాట కూడా తెలియడం లేదు. అందరూ ముందుకు వంగారు.

"ఎవరో పాడతాన్నారు" అన్నాడు యల్లయ్య చివరికి. ఆయన నిజంగానే చెవి పెట్టి వింటున్నాడు. "అది మన మస్తానే అనేదానికి గుర్తేంది?"

 ఆ చిటపటల్లో మా ఆవిడ పాడినా నేను గుర్తుపట్టేవాణ్ణి కాదు. పాట ఇంకాస్త వినపడి, సన్నగిల్లి, ఆగిపోయింది. మిగిలింది హోరు. అయిపోయిందనుకున్నాను. చాకు కింద పెట్టేశాను.

ఆ హోరును చీల్చుకుని పిలుపు వచ్చింది.

కిందనుంచి మెల్లగా ఎత్తుకుని, పైకి పోయి, కొసన రెండు సార్లు విరిగింది. పాట మాటల్ని మింగేసిన ఆ చిటపటలు దీన్ని ఏమీ చేయలేకపోయాయి. దూరం దాటడానికే పుట్టిన పిలుపు కదా. మేము ఇంకా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నాం, అప్పటికే బయల్లో ముసలి గొర్రె ఒకటి తలెత్తింది. చెవులు నిక్కించింది. ఒక్క అరుపు అరిచి కదిలింది. దాని వెనక మంద మొత్తం, నూటికి పైగా గొర్రెలు, కూర్చున్న జనం మధ్యలోంచి, కాళ్ళ సందుల్లోంచి, మా దుకాణం వైపు పరుగెత్తుకొచ్చాయి. యల్లయ్య మంచం ఎక్కి నిలబడ్డాడు. రెండు గొర్రెలు అరుగెక్కాయి, నా మిరపకాయల గంప దొర్లించాయి. రెండోసారి పిలుపు వచ్చేసరికి ముసలి గొర్రె ముందు కాళ్ళు గోడకు ఆనించి, పెట్టె కింద మూతి పెట్టి అరుస్తోంది.

గురుస్వామి మామ ఎప్పుడు లేచాడో నేను చూడలేదు. గొర్రెల మధ్య నిలబడి, పెట్టె మీద చెయ్యి వేసి ఉన్నాడు. ఏడుస్తున్నాడు. "అది కొండమ్మ పిలుపు" అన్నాడు. "మా ఇంటి పిలుపు. బెజవాడ పోయి కూడా నా కోడలు మా ఇంటి గొర్లనే పిలిచినాది." తర్వాత యల్లయ్య వైపు తిరిగాడు. ఆయన యల్లయ్య ముందు గొంతెత్తడం నేను ఎన్నడూ వినలేదు. "గుర్తు అడిగినావు గదా యల్లయ్యా? గొర్లనడుగు."

యల్లయ్య మంచం మీంచి దిగాడు. ఒక గొర్రె వీపు మీద చెయ్యి వేశాడు. "నేనడిగేదేముందిరా" అన్నాడు. "అవి చెప్పినాయి గదా."

నా తాళంచెవి సంగతి కూడా చెప్పాలి. నెలాఖరుకు సంజీవరావు వచ్చాడు. పగిలిన ముద్రను చూశాడు. నేను తాళంచెవి తీసి ముందే పళ్ళెంలో పెట్టి ఉంచాను, తప్పు ఎవరి మీదా వేయలేదు, నేనే పగలగొట్టానన్నాను. ఆయన మీట తిప్పి, హోరులోంచి సన్నగా వస్తున్న బెజవాడను కొంతసేపు విన్నాడు. అనంతలక్ష్మిని నిప్పు అడిగి లక్క కరిగించాడు. మరను ముట్టుకోకుండా, అది ఎక్కడుందో అక్కడే ఉంచి, పైన మూత పెట్టి ముద్ర కొట్టాడు. రిపోర్టు కాగితంలో 'ముద్ర సరిగా ఉన్నది' అని రాసి, భోజనానికి కాళ్ళు కడుక్కున్నాడు. ఆ తర్వాత మా ఊళ్ళో ఢిల్లీ వార్తలు కూడా చిటపటల్లోనే విన్నాం. ఎవరూ సణగలేదు.

మస్తానమ్మ మాత్రం పాటకు మర్నాడే, పదకొండో తేదీ మధ్యాహ్నం రైలుకు దిగింది. గురుస్వామి మామ కంభానికి తానూ వస్తానని పట్టుబట్టాడు. ఆ అరిగిన మోకాళ్ళతో ఆయన్ని బండి ఎక్కించేసరికి నాకు చెమటలు పట్టాయి. అంకన్న ప్లాట్‌ఫారం చివరి దాకా పరుగెత్తాడు. ఆమె రోశమ్మ చెయ్యి పట్టుకుని దిగి, మమ్మల్ని చూసి, సంతోషపడడానికి బదులు ఏడుపు ముఖం పెట్టింది.

"నేను సరిగ్గా పాడలేదు మామా" అంది. "గుడ్డ కప్పిన గోడలు. మనిషి లేడు. అద్దం వెనకాల ఆయన చెయ్యి ఊపినాడు, పాడమని. ఎవరికని పాడేది? గొంతు పెగలలే. పాట ఎట్లో ముగించినా. అప్పుడు గడియారం చూస్తే పొద్దుగూకే యాళ. మీరంతా రేడియో కాడ కూచోనుంటారు, గొర్లు ఎట్లున్నాయోనని..." తల దించుకుంది. "పిలిచినా. రెండు మార్లు. ఆయన అద్దం వెనకాల ఉలిక్కిపడినాడు. తప్పు చేసినానేమో."

 ముద్ర పగిలిన సంగతి గానీ, యల్లయ్య గుర్తు అడిగిన సంగతి గానీ ఆమెకు తెలియదు. నేను క్షమించమని అడగాలని నోరు తెరిచాను. ఆమె అప్పటికే మొగుడి వైపు తిరిగి అడుగుతోంది.

"మునిమాపున గొర్లు వచ్చినాయా?"

అంకన్న తండ్రి వైపు చూశాడు. గురుస్వామి మామ ఆమె చేతిలోని మూట తీసుకుని తన చంకలో పెట్టుకున్నాడు.

"ఎందుకు రావు తల్లీ" అన్నాడు. "నువ్వు పిలిచినావు గదా."